కాలువ వైపు కంచె

జూన్ 4

తమ్ముడికి,

మొన్న ఫోన్ చేశావట. మీ బావ ఎత్తారు. నాకివ్వమంటే, "ఇచ్చినా నీకు వినపడదు కదా, ఉత్తరం రాసుకో" అన్నారు. నిజమే. నా ఎడమ చెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది, కుడిది సగం జీతానికి పనిచేస్తోంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. మా ఇంటి వెనక గదుల్లో నేను నడిపే బడిలో చంటిపిల్లలు పధ్నాలుగు మంది అయ్యారు. అందరూ నాలుగేళ్ళ లోపువాళ్ళే. పొద్దున్నే తల్లులు పనికి పోతూ దింపుతారు, సాయంత్రం తీసుకుపోతారు. పోయిన వారం తనిఖీకి ఒక అధికారి వచ్చింది, చిన్న వయసు అమ్మాయే. గదులు చూసింది, ఉయ్యాలలు చూసింది, గిన్నెలు కూడా చూసి మెచ్చుకుంది. ఆ తర్వాత వెనక తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. మా పెరడు వాలుగా పోయి కాలువలో దిగుతుంది. నడుమ పిచ్చిమొక్కలు తప్ప అడ్డం ఏమీ లేదు. "జూలై ముప్పై ఒకటికల్లా కంచె, గేటు, చదునుచేసిన ఆటస్థలం ఉండాలండీ. లేకపోతే మూసేయమని రాయక తప్పదు" అంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నిన్న రెండున్నరేళ్ళ పిల్ల ఒకతి బంతి కోసం ఆ వాలు మీద పరుగెత్తింది. నేను వెనక నుంచి గౌను పట్టుకుని ఆపాను.

నువ్వు చదువు ఆపేసిన ఏడాది ఇదే ఊళ్ళో పెదనాన్న ఇంట్లో ఉండి కంచెల పని చేశావు కదా. నేనప్పుడు అత్తవారింట్లో ఉన్నాను, నాకు ఇక్కడివాళ్ళెవరూ తెలియదు. పనిమంతుడు ఎవరైనా ఉంటే చెప్పు. నువ్వే వచ్చి దగ్గరుండి చేయిస్తే ఇంకా బాగుండేది. మేం ఈ ఊరు వచ్చి ఐదేళ్ళయింది, ఒక్కసారి మా గుమ్మం తొక్కలేదు నువ్వు. మీ బావతో ఎప్పుడో మాటా మాటా అనుకున్నదే ఇంకా మనసులో పెట్టుకున్నావేమో. ఆయనకైతే అది గుర్తే లేదు.

నీ అక్క

జూన్ 11

అక్కకి,

నీ ఉత్తరం చదివి ఆ పిల్ల సంగతి దగ్గర ఆగిపోయాను. ఆలస్యం చేయకు.

బావ మీద నాకేం లేదు. ఈ గోదాము పని ఎలాంటిదో నీకు తెలుసు. ఓడ వచ్చిందంటే ఆదివారం కూడా ఉండదు.

పాత రంపం మిల్లు వెనక సందులో గుంజల మేస్త్రి అని ఉంటారు. ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ఆయన్నే పిలువు. వేరే ఎవరినీ చూడకు. ఆయన పాతిన గుంజ ఇరవై ఏళ్ళకీ ఒరగదు. వాలు నేల చదును చేయడంలోనూ ఆయన చేతికి సాటి లేదు. వాననీళ్ళు ఎటు పోవాలో ముందే చెప్పేస్తారు. కంచె ఒక్కటే కాదు, గట్లు, గడ్డి, దారి, మొక్కలు, అన్నీ ఆయనకే అప్పజెప్పు. బేరం ఆడకు. తొందరపెట్టకు.

ఒక్కటి మాత్రం. నా పేరు చెప్పకు. నాకు తెలిసినవాళ్ళంటే మొహమాటానికి పోతారు, అంతే.

తమ్ముడు

జూన్ 22

తమ్ముడికి,

మేస్త్రి గారు వచ్చారు. ఆయనకి ఒక కన్ను లేదని ఒక్క ముక్క రాయాలని నీకు తోచలేదా? తలుపు తీయగానే ఉలిక్కిపడ్డాను. ఆయన చూశారో లేదో గానీ భార్య చూసింది. నాకు సిగ్గేసింది.

ఆ భార్యాభర్తలిద్దరే పని. ఆయన వచ్చిన మొదటిరోజు గునపం పట్టుకోలేదు. చెప్పులు వదిలేసి పెరడంతా పాదాలతో తొక్కుతూ తిరిగారు. "నేల ఎక్కడ మెత్తగా ఉందో కాలికే తెలుస్తుందమ్మా" అన్నారు. వాలుని మూడు మెట్లుగా చేసి, ఒక్కో మెట్టుకీ రాళ్ళ అంచు కట్టి, పై రెండింట్లో గడ్డి వేస్తారట. ముళ్ళతీగ అందామనుకున్నాను. "వద్దు. పిల్లలున్న చోట అల్లిన తీగ జాలీయే వేయాలి. పైనా కిందా గట్టి తీగ లాగితే వంగదు" అన్నారు. మొక్కలు కూడా ముళ్ళు లేనివి, కాయలు కాయనివి ఏరి చెప్పారు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారని. నాకు తోచని సంగతులు ఆయనకి తోచాయి.

భార్య తీరే నాకు అంతుపట్టడం లేదు. ఆయన్ని ఒక్క క్షణం వదలదు. గుంత తవ్వుతుంటే పక్కనే, గుంజ నిలబెడుతుంటే పక్కనే, చెవి దగ్గర నోరుపెట్టి ఏదో చెబుతూనే ఉంటుంది. నేను వెళితే ఆపేస్తుంది. నా గురించేనేమో అనిపిస్తుంది. చెవుడున్నవాళ్ళకి ఈ అనుమానం తప్పదు.

ఇంకొకటి. నోరు జారాను. టీ ఇస్తూ, "మా తమ్ముడు కూడా ఒకప్పుడు మీ దగ్గర పనిచేశాడట" అన్నాను. ఆయన గ్లాసు గట్టు మీద పెట్టి, "బాగున్నాడా?" అన్నారు. బాగున్నాడన్నాను. మళ్ళీ పనిలోకి పోయారు. టీ అలాగే చల్లారిపోయింది. మీ ఇద్దరికీ ఏమైనా గొడవ అయిందా?

అక్క

జూన్ 29

అక్కకి,

చెప్పొద్దని అంత స్పష్టంగా రాస్తే చెప్పేశావు. నీకు నా మాటంటే ఎప్పుడూ లెక్కలేదు.

గొడవేం లేదు. ఆయన సరిగ్గా ఏమన్నారో, ఆ ఒక్క మాటేనా, ఇంకేమైనా అన్నారా, గుర్తు తెచ్చుకుని రాయి. ఆయన రెండో కన్ను బాగానే ఉంది కదా? నిన్ను అడిగానని ఆయనకి తెలియనివ్వకు.

భార్యని ఏమీ అనకు.

తమ్ముడు

జూలై 7

తమ్ముడికి,

నువ్వు రాసిన "లెక్కలేదు" అన్న మాట రెండు రోజులు నన్ను గుచ్చుకుంది. ఇప్పుడు నేను రాసేది నిన్ను గుచ్చుకుంటుంది. చెల్లుకి చెల్లు.

మీ మేస్త్రిని మానిపించాను.

మొదటి ఐదు గుంజలు గీత గీసినట్టు వచ్చాయి. ఆరో దాని నుంచి వరస కాలువ వైపు వంగుతూ పోయింది. పదకొండో గుంజ దగ్గర నిలబడి చూస్తే విల్లు వంచినట్టుంది. గేటు రెక్క గుంజకి అందదు. నడుమ నా చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి పిల్ల దూరదా? సోమవారం సమ్మెట వేలి మీద వేసుకున్నారు. నిన్న ఎదురుగా ఉన్న నీళ్ళ బకెట్టుకి కాలు తగిలి మోకాళ్ళ మీద పడ్డారు. పక్కింటి కాంపౌండరు గారు గోడ మీంచి చూసి, "ఆ నడక నాకు తెలిసిన నడకేనండీ. పొద్దున్నే వేసుకుని వస్తున్నట్టున్నాడు" అన్నారు. పిల్లలు తిరిగే చోట తాగినవాడికి గునపం, సమ్మెట ఇచ్చి ఊరుకోమంటావా?

వెళ్ళి, ఇక చాలు, రేపటి నుంచి రావద్దని చెప్పాను. ఎందుకని కూడా అడగలేదు ఆయన. పురికొస చుట్టుకున్నారు, పనిముట్లు సంచిలో వేసుకున్నారు. భార్య గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి నాతో ఏదో అంది. పెదాలు కదిలాయి గానీ నాకు వినపడలేదు. మళ్ళీ అడగొచ్చు. అడగలేదు. ఆ కోపంలో ఏం విన్నా ఒకటే అనుకున్నాను.

బజారులో రెడీమేడ్ కంచెలు బిగించేవాళ్ళకి కబురు పెట్టాను. రేపు వస్తామన్నారు.

నీకు జాలి ఎక్కువని తెలుసు. దూరాన ఉండి చూపించే జాలి తేలిక. దాని కింద నలిగేది నేను.

అక్క

జూలై 9

అక్కకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అలిగావని తెలుస్తోంది. పోయినసారి తప్పు నాదే.

పని ఎక్కడిదాకా వచ్చింది? గడ్డి వేశారా? నువ్వు రాసిన ఆ మూడు మెట్ల సంగతి పదిసార్లు చదివాను. కంచె పూర్తయితే ఒకసారి రావాలనుకుంటున్నాను. మేస్త్రి గారికి చెప్పకు. లేదు, చెప్పు. వద్దులే, ఇప్పుడే చెప్పకు.

తమ్ముడు

జూలై 15

అక్కకి,

నీ ఏడో తేదీ ఉత్తరం అందింది. మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆయన తాగరు. జన్మలో ముట్టింది లేదు.

ఇరవై రెండేళ్ళ కింద మీ ఊరి చివర పెద్ద పళ్ళతోట ఉండేది. దానికి కంచె వేస్తున్నాం. నాకు పంతొమ్మిది. ఆయన గుంజ దగ్గర వంగి తీగ పట్టుకున్నారు, నేను అవతల చివర బిగింపు మర తిప్పుతున్నాను. "చాలు" అన్నారు. నేను వినిపించుకోలేదు. ముందురోజే నా బిగింపు వదులుగా ఉందని అందరి ముందూ అన్నారు. ఆ ఉక్రోషం. ఇంకో రెండు చుట్లు తిప్పాను. తీగ తెగింది. తెగిన తీగ ఎలా వస్తుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు చప్పుడు వినపడేసరికి ఆయన రెండు చేతులతో మొహం మూసుకుని నేల మీద ఉన్నారు.

ఇదొక్కటే అయితే ప్రమాదం అనుకోవచ్చు. ఆసుపత్రిలో తోట యజమాని వచ్చి, ఏమైందిరా అని నన్నడిగాడు. "తీగ తుప్పుపట్టిందండీ" అన్నాను. ఆ తీగ కొత్తది. ఊరు ఊరు తిరిగి మేస్త్రి గారే ఏరి తెచ్చింది. ఆయన కట్టుతో మంచం మీద ఉన్నారు, మేలుకునే ఉన్నారు. విన్నారు. ఏమీ అనలేదు. పదిరోజులకి నేను ఈ ఊరు వచ్చేశాను. ఆ తర్వాత ఆ తోట పని ఆయనకి ఇవ్వలేదని పెదనాన్న చెప్పాడు. తుప్పు తీగలు అంటగడతాడని ఊళ్ళో పేరు పడిందట.

నీ గుమ్మం తొక్కకపోవడానికి కారణం బావ కాదు. ఆ రంపం మిల్లు సందు.

నిన్ను ఆయన దగ్గరికి పంపింది జాలితో కాదక్కా. నువ్వు పని ఇస్తే నా బరువు కొంత దిగుతుందనుకున్నాను. అది జాలి కన్నా తక్కువ రకం. వరస వంగిందంటే ఆయన రెండో కన్ను సంగతి కనుక్కో. ఈ ఉత్తరం ఏం చేస్తావో నీ ఇష్టం.

తమ్ముడు

జూలై 25

తమ్ముడికి,

ఏం రాయాలో తెలియక ఇన్ని రోజులు పట్టింది. నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. ఆ హక్కు నాకూ లేదు.

మొన్న రంపం మిల్లు సందుకి వెళ్ళాను. ఒకే గది, గోడకి గునపాలూ పారలూ వరసగా ఆనించి ఉన్నాయి. భార్య నన్ను చూసి స్టూలు తుడిచి వేసింది. ఆయన కిటికీ వెలుగుకి మొహం పెట్టి గునపం కొస అరగదీస్తున్నారు. నేను గుమ్మంలో నిలబడినా, భార్య చెప్పేదాకా నేనని ఆయనకి తెలియలేదు.

ఆ రెండో కన్ను ఏడాదిగా మసకబారుతోందట. తెలిస్తే పని ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు. వరస తిన్నగా రావడానికి కట్టే పురికొస కనపడదు, భార్య చూసి చెబుతుంది. "ఇటు, ఇంకో వేలెడు, ఆగు" అని. మా ఇంట్లో చెవిలో చెప్పింది అదే. అది గొణుగుడు కాదు, ఆయన చూపు. ఐదో గుంజ తర్వాత ఆవిడకి జ్వరం వచ్చి రెండు రోజులు గట్టు మీదే కూలబడిందట. ఆ రెండు రోజుల్లో పాతినవే వంగినవి. ఆవిడ కూర్చుని ఉండటం నేను చూశాను. బద్ధకం అనుకున్నాను.

"ఆ రోజు గేటు దగ్గర ఏమన్నావమ్మా?" అని అడిగాను. నా కుడి చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "రెండు రోజులు ఇవ్వండమ్మా, పీకి మళ్ళీ వేయిస్తాను అన్నాను. మీరు తల అడ్డంగా ఊపారు."

వినపడటం లేదని తల ఊపాను తమ్ముడూ. అది వద్దనడం అయిపోయింది.

నీ ఉత్తరం నా సంచిలో ఉంది. చదవనా అని అడిగాను. చదవమన్నారు. మొత్తం చదివాను, ఆ జాలి కన్నా తక్కువ రకం అన్నదాంతో సహా. ఆయన గునపం ఒళ్ళో పెట్టుకుని విన్నారు. అయిపోయాక, "రెండు చుట్లు కాదమ్మా, మూడు" అన్నారు. "లెక్కపెట్టాను."

ఆయనే మళ్ళీ అన్నారు. "పంతొమ్మిదేళ్ళవాడికి చెయ్యి ఆగదు. నాకూ ఆగేది కాదు. కన్ను సంగతి అప్పుడే వదిలేశాను. తీగ తుప్పుదన్నాడు చూడండి, అది వదల్లేకపోయాను. ముప్పై ఏళ్ళలో ఒక్క చెడ్డ తీగ ఎవరింటికీ తీసుకెళ్ళలేదు నేను."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"వాడే చెబుతాడనుకున్నాను. పదిరోజులు చూశాను. తర్వాత వాడు ఊళ్ళో లేడు. నేను చెబితే తప్పు కుర్రాడి మీదికి నెడుతున్నానంటారు."

నువ్వు ఏం చేయాలో అడిగాను. క్షమాపణలు అక్కర్లేదట. తోట యజమానికి ఒక ముక్క రాయమన్నారు, తీగ మంచిదేనని.

నా పనికి రమ్మని బతిమాలాను. "చూద్దామమ్మా" అన్నారు. రెడీమేడ్ వాళ్ళు రేపు వస్తామంటూనే ఉన్నారు. గడువు ఇంక ఆరు రోజులు. అది నేను చేతులారా తెచ్చుకున్నది.

అక్క

ఆగస్టు 1

అక్కకి,

రాశాను. మూడు చుట్లు అనే రాశాను. తీగ కొత్తదనీ, మేస్త్రి గారు ఆపమన్నారనీ, నేను ఆపలేదనీ, మీతో అబద్ధం చెప్పాననీ. సంతకం పెట్టి, కింద నా పూర్తి చిరునామా వేసి పంపాను. మొత్తం నాలుగు వాక్యాలు. ఇరవై రెండేళ్ళు పట్టింది.

నీ బడి ఏమైంది? రాయి.

తమ్ముడు

ఆగస్టు 11

తమ్ముడికి,

బడి మూయించారు. నెల రోజులకి. ఆ అమ్మాయి కాగితం ఇస్తూ తల వంచుకుంది. ముగ్గురు తల్లులు పిల్లల్ని వేరేచోట చేర్చేశారు. బంతి కోసం పరుగెత్తిన పిల్ల వాళ్ళలో ఒకతి. ఉయ్యాలలు మడిచి పెట్టేశాను. ఇంట్లో చప్పుడు లేదు. నాకు చెవుడని ఈ నిశ్శబ్దం తెలియదనుకోకు.

నీ ఉత్తరం సంగతి. యజమాని లేడు. నాలుగేళ్ళ కిందే పోయాడట. ఆయన భార్య విప్పి చదివింది. చదివి ఊరుకోలేదు, పెద్దావిడ, కర్ర పట్టుకుని మనవరాలి సాయంతో రంపం మిల్లు సందుకి వెళ్ళింది. "ఆయన పోయేదాకా నీ గురించి అలాగే అనుకున్నారయ్యా. ఇప్పుడు నేనెవరికి చెప్పను?" అందట. మేస్త్రి గారు ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి పంపారట. మనవరాలు చదివి వినిపించిన ఆ ఉత్తరాన్ని ఆవిడ అక్కడే వదిలి వెళ్ళిందని భార్య చెప్పింది. మర్నాడు ఆ ఉత్తరం ఇంకోసారి చదివించుకుని, తెల్లారగట్లే మా ఇంటికి వచ్చారు. వంగిన ఆరు గుంజలూ పీకారు.

ఇక్కడితో అయిపోలేదు. కంటికి ఆపరేషన్ చేయించాలని భార్య పట్టుబట్టింది. డాక్టరు ఏ మాటా గట్టిగా ఇవ్వడం లేదు. చూపు నిలవచ్చు, ఉన్నది కూడా పోవచ్చు. ఇరవయ్యో తేదీన. ఆలోపు కంచె పూర్తికాదు. నిన్న సాయంత్రం పనిముట్లు కడుగుతూ నాతో అన్నారు. "సగం పని వదిలి వెళ్ళడం నాకు చేతకాదమ్మా. మీ తమ్ముణ్ణి పంపమనండి. వాడికి పని తెలుసు."

ఉన్నది ఉన్నట్టు రాశాను. రావడం, రాకపోవడం నీది.

అక్క

ఆగస్టు 15

అక్కకి,

శనివారం పొద్దుటి రైలుకి దిగుతున్నాను. స్టేషన్‌కి ఎవరూ రావద్దు. నేరుగా పెరట్లోకే వస్తాను. ఆయన ఎదట నిలబడి ఏం మాట్లాడాలో ఎంత ఆలోచించినా తోచడం లేదు. నువ్వు దగ్గరలోనే ఉండు.

తమ్ముడు

సెప్టెంబరు 21

తమ్ముడికి,

నువ్వు వెళ్ళి నెల కావస్తోంది. కాళ్ళ బొబ్బలు మానాయా? గోదాము చెప్పులతో గుంతలు తవ్వితే అలాగే ఉంటుంది.

దగ్గరలో ఉండమన్నావని, ఆపరేషన్‌కి ముందు మీరిద్దరూ కలిసి పనిచేసిన రెండు రోజులూ వంటింటి కిటికీ వదల్లేదు. మీ ఇద్దరి పెదాలూ కదలడం కనపడింది గానీ ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత భార్యని అడిగాను, ఏం మాట్లాడుకున్నారని. "గుంజల గురించేనమ్మా" అంది. ఇరవై రెండేళ్ళ మాట గుంజల గురించేనా అని నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రి బల్ల మీద ఆవిడ పక్కన రాత్రీ పగలూ కూర్చున్నావని తెలిశాక మండటం ఆగింది. మిగతా కంచె నువ్వొక్కడివే పూర్తిచేసి, ఆయన కట్టు విప్పకముందే వెళ్ళిపోయావు. అది మాత్రం నాకు నచ్చలేదు. ఇంకో వారం ఉండాల్సింది.

కట్టు విప్పారు. మనుషులు ఆకారాలుగా తెలుస్తున్నారట, మొహాలు తెలియవట. ఇంతకన్నా రాదని డాక్టరు చెప్పేశాడు. ఇక ఈ పని చేయలేరు. గునపాలు అమ్మేయమని భార్యతో అన్నారట. ఆవిడ వినిపించుకోనట్టు ఊరుకుందట. నా పెరటి మొక్కలు చూసుకోమని ఇద్దరినీ అడిగాను. ఒప్పుకున్నారో లేదో తెలియదు గానీ రోజూ సాయంత్రం వస్తున్నారు.

బడి తెరిచాను. పదకొండు మంది. కంచె పట్టుకుని కాలువలో పడవల్లా పోయే ఆకుల్ని చూస్తుంటారు. గడ్డి ఇంకా అక్కడక్కడా పసుపుగానే ఉంది.

నిన్న మేస్త్రి గారు కంచె మొత్తం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచారు. ఒక చెయ్యి జాలీ మీద ఆనించి, నెమ్మదిగా. పిల్లలు వెనకే వరసకట్టారు. తిరిగి వచ్చి గట్టు మీద కూర్చుని, "గేటు నుంచి మూడో గుంజ అరంగుళం బయటికి పోయిందమ్మా. మీ తమ్ముడికి రాయండి. వేసవిలో వచ్చి సరిచేసి పొమ్మనండి" అన్నారు.

ఆయన వెళ్ళాక నేను టేపు పెట్టి కొలిచాను. మీ బావని పిలిచి ఆ చివర పట్టుకోమని మళ్ళీ కొలిచాను. ఆ గుంజ ఎటూ పోలేదు. తిన్నగానే ఉంది.

ఈ సంగతి ఆయనకి చెప్పను. నువ్వూ చెప్పకు. వేసవిలో మాత్రం వచ్చి పో.

అక్క